కట్టుడు పళ్లు... ఖర్చెంత? కష్టమెంత?

పెద్దవాళ్ల పళ్లూడిపోతే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న 'సెట్టుకు ఎంతవుతుంది?' అని. ఒక చోట నాలుగు వేలంటారు, ఇంకో చోట ఇరవై వేలంటారు, మరో చోట ఏకంగా లక్షంటారు. ఒకే నోరు, ఒకే ముప్పై రెండు పళ్లు... మరి ధరల్లో ఇంత తేడా ఎందుకు? తక్కువలో కట్టించుకున్న సెట్టు చివరికి డబ్బాలోకి ఎందుకు చేరుతుంది?

సంక్రాంతి వస్తోందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో వాకిళ్ల నిండా తెల్లగుడ్డలు పరుచుకుంటాయి. వాటి మీద సకినాలు చుట్టేది ఎవరు? ఇంట్లో పెద్దామే! ఆమె వేళ్ల కొసల నుంచి సన్నగా జారే పిండిచుట్లు కోడళ్లకు అంత తొందరగా పట్టుబడవు. చుట్టేది ఆమె, దగ్గరుండి కాల్పించేది ఆమె. కరకరా నమిలేది మాత్రం మనవలూ మనవరాళ్లూ. 'నాకేడ పండ్లున్నయ్ బిడ్డా' అని నవ్వేసి ఓ చిన్న ముక్కను చాయలో నానేసుకుంటుంది.

సకినమంటే పండక్కే. కానీ మిగతా రోజుల మాటేమిటి? జొన్నరొట్టె కొరకలేరు. మక్క కంకి చూసి ఊరుకోవాల్సిందే. మాంసం వండితే పులుసు పోసుకుని ముక్కలు పక్కకు పెడతారు. చిక్కుడు గింజలు, పల్లీలు, పచ్చి కూరగాయలు ఒక్కొక్కటే కంచంలోంచి మాయమవుతాయి. మిగిలేది మెత్తటి బువ్వ, గట్క, పలుచటి చారు. చక్కెర జబ్బున్న వాళ్లకు ఇంతకంటే చెడ్డ భోజనం ఉండదు. పైగా 'వయసైపోయింది కదా, అంతే తింటారు' అని ఇంట్లోవాళ్లు సర్దుకుపోతారు. వయసుతో ఆకలి కొంత తగ్గే మాట నిజమే కానీ చాలా ఇళ్లలో తగ్గింది ఆకలి కాదు, నమిలే శక్తి.

'పళ్లు కట్టించుకోరాదూ' అంటే వచ్చే జవాబు ఒక్కటే... 'ఎంతయితదో ఏమో!'

పళ్లకు కాదు, పనికే ధర

కళ్లద్దాల దుకాణానికి వెళ్తే ఫ్రేము ధర ఇంత, అద్దం ధర ఇంత అని విడిగా చెబుతారు. కట్టుడు పళ్లను కూడా అలాంటి వస్తువనే అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. సెట్టులో ఉండే సరుకు నిజానికి చవకే. గులాబీ రంగు చిగురు భాగం అక్రిలిక్ ప్లాస్టిక్. 1930ల చివర్లో వాడకంలోకి వచ్చిన ఈ పదార్థాన్నే ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతోంది. దానికి అమర్చే పళ్లు కూడా ఎక్కువగా అక్రిలిక్‌వే. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు... మొత్తం ఇరవై ఎనిమిది పళ్లు పెట్టెలో సెట్టుగానే వస్తాయి. జ్ఞానదంతాలు పెట్టరు. సాధారణ రకం పళ్లయితే ఆ పెట్టె ఖరీదు మనం చెల్లించే మొత్తంలో చిన్న భాగమే.

మరి మిగతా డబ్బంతా దేనికి? ఆ నోటికే సరిపోయేలా చేసే పనికి. ఏ ఇద్దరి చిగుళ్లూ ఒకేలా ఉండవు. ఒకే మనిషికి కుడివైపు ఉన్నట్టు ఎడమవైపు ఉండదు. అందుకే పద్ధతి ప్రకారం చేస్తే పూర్తి సెట్టుకు కనీసం ఐదుసార్లు క్లినిక్కు మెట్లెక్కాలి.

మొదటిసారి నోరంతా పరీక్షించి, చిగుళ్ల అచ్చు తీస్తారు. ఆ అచ్చులో పిండిసున్నం లాంటి ప్లాస్టర్ పోసి నమూనా చేస్తారు. ఆ నమూనా మీద ఆ నోటికే పనికొచ్చే ప్రత్యేకమైన ట్రే తయారవుతుంది. రెండోసారి ఆ ట్రేతో అసలైన అచ్చు తీస్తారు. పెదవి కదిపించి, బుగ్గ లాగి, నాలుక బయటపెట్టించి, కండరం ఎక్కడిదాకా వస్తుందో అంచులు చూసుకుంటూ తీసే అచ్చు ఇది. సెట్టు నోట్లో పట్టు నిలుస్తుందా, మాట్లాడుతుంటే ఊడిపోతుందా అనేది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. మూడోసారి మైనపు దిమ్మెలు నోట్లో పెట్టి పైదవడ, కిందదవడ ఎంత ఎత్తులో, ఎలా కలుస్తాయో కొలుస్తారు. నాలుగోసారి మైనంలో గుచ్చిన పళ్లను పెట్టి చూపిస్తారు. 'నవ్వండి... యాభై నుంచి అరవై దాకా లెక్కపెట్టండి' అంటారు. పళ్లు మరీ ముందుకున్నా, తెలుపు ఎక్కువైనా, నవ్వితే వంకరగా కనిపించినా మొహమాటపడకుండా చెప్పాల్సింది అప్పుడే. ఆ తర్వాత మైనం కరిగించి, దాని స్థానంలో అక్రిలిక్ నింపి, వేడినీళ్లలో గంటల తరబడి ఉడికించాక మార్చడం కష్టం. ఐదోసారి సెట్టు చేతికొస్తుంది.

అక్కడితో అయిపోతుందా? లేదు. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త సెట్టూ కరుస్తుంది. ఒరుసుకున్న చోట అరగదీయించుకోవడానికి ఇంకో రెండు మూడుసార్లు వెళ్లాలి.

మూడు నాలుగు వేలకు దొరికే సెట్టులో మాయమయ్యేది ఈ పనే. రెండో అచ్చు ఉండదు, మైనపు పళ్లు పెట్టి చూపించరు. ఒకరోజు అచ్చు, మర్నాడో ఆ మర్నాడో సెట్టు! చూడ్డానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. నోట్లో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగితే తెలుస్తుంది.

ఎంతవుతుంది మరి?

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఊరినిబట్టి, వైద్యుణ్నిబట్టి ధర మారుతుంది కాబట్టి వీటిని అంచనాలుగానే తీసుకోవాలి.

జిల్లా స్థాయి పట్టణాల్లోని ప్రైవేటు క్లినిక్కుల్లో, పద్ధతిగా చేసే సాధారణ అక్రిలిక్ సెట్టు పైనా కిందా కలిపి ఎనిమిది వేల నుంచి ఇరవై వేల మధ్యలో పడుతుంది. కిందపడినా తొందరగా పగలని గట్టిరకం అక్రిలిక్, తొందరగా అరగని మంచి కంపెనీ పళ్లు, లోపల లోహపు జాలీ లాంటివి కోరుకుంటే అది నలభై వేల దాకా పోతుంది. నాలుగైదు పళ్లే పోయినవారికి తీసి పెట్టుకునే చిన్న ప్లేటయితే పంటికింత అని లెక్క. మొదటి పంటికి ఎక్కువ, ఆపై ప్రతి పంటికీ కొంచెం తక్కువ. వంగే రకం 'ఫ్లెక్సిబుల్' ప్లేటుకు ఖర్చు ఎక్కువే. కానీ అది వదులైతే మళ్లీ బిగించడం అక్రిలిక్ అంత సులువు కాదు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక ఇంప్లాంట్లు. దవడ ఎముకలోకి టైటానియం స్క్రూలు దించి వాటి మీద పళ్లు నిలపడం. స్వీడన్‌లో బ్రేన్‌మార్క్ అనే వైద్యుడు 1965లో మొదటిసారి ఒక మనిషికి అమర్చి చూపించిన పద్ధతి ఇది. కింది దవడలో రెండు స్క్రూలు వేసి, వాటికి సెట్టును గుండీలా తగిలించే ఏర్పాటుకు అరవై వేల నుంచి లక్ష రూపాయల పైచిలుకు దాకా అవుతుంది. నోరంతా కదలకుండా బిగించే పళ్లయితే లక్షల్లోనే మాట.

కింది దవడకే ఎందుకంటారా? పైసెట్టు అంగిటి మీద పరుచుకుంటుంది. మధ్యలో పలుచటి లాలాజలం పొర, గాలి ఒత్తిడి కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. కిందిదానికి ఆ అదృష్టం లేదు. గుర్రపు నాడా ఆకారంలో ఉండే సన్నటి గట్టు మీద నిలబడాలి, మధ్యలో నాలుక ఊరుకోదు. పైగా పళ్లు పోయాక కింది ఎముక పైదానికంటే చాలా వేగంగా అరిగిపోతుంది. 'పైది బాగానే ఉంది, కిందిదే ఊగుతంది' అని ప్రతి ఊళ్లో వినిపించేది అందుకే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో సమావేశమైన నిపుణులు కూడా కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా చూడాలన్నారు. మన జేబుకు అది మొదటి ఎంపిక కావడం కష్టమే!

చెప్పిన ధరలో కలవని ఖర్చులు వేరే ఉంటాయి. మిగిలిన పళ్లు పీకడానికి పంటికింత. ఎక్స్‌రే, చక్కెర పరీక్ష. ఎముక మొనలు పొడుచుకొస్తే నునుపు చేయడం. కొన్నాళ్లకు వదులైతే లోపల పొర వేసి బిగించడం. కింద పడేసి పగలగొడితే అతికించడం. 'అన్నీ కలిపి ఎంత?' అనే ప్రశ్నను డబ్బు కట్టకముందే అడగాలి. అడిగి, చీటీ మీద రాయించుకోవాలి కూడా.

ఈ ఖర్చుకు ఇంకో కొలత ఉంది. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019లో 2016 రూపాయలకు పెరిగింది. ఆ లెక్కన పన్నెండు వేల సెట్టంటే ఒక అవ్వకు ఇంచుమించు ఆరు నెలల పింఛను. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే ఇంట్లో, మరమగ్గం ఆడితేనే ఆ రోజు పైసలొచ్చే సిరిసిల్ల ఇంట్లో అది చిన్నమొత్తం కాదు. అయితే అదే సెట్టు ఆరేళ్లు పనిచేస్తే ఏడాదికి రెండు వేలు. రోజుకు ఐదున్నర రూపాయలు. ఒక చాయ ధర కంటే తక్కువ! నాలుగు వేలు పోసి కట్టించుకున్న సెట్టు నెల తిరక్కుండా అలమర మీది డబ్బాలో చేరితే..? ఆ నాలుగు వేలూ పోయినట్టే. పైగా 'పండ్లు కట్టించుకుంటే ఇంతే' అనే మాట ఊరంతా పాకుతుంది. దాంతో ఇంకో పదిమంది ఆ దారిన వెళ్లరు. నష్టాల్లో పెద్దది అదే అనిపిస్తుంది.

ఎంత బాగా చేసినా సెట్టు జీవితాంతం రాదు. పళ్లు అరుగుతాయి, కింద ఎముక కుంగుతుంది. ఐదు నుంచి ఏడేళ్లకు మార్చుకోవాల్సి వస్తుందని ముందే అనుకుని లెక్కేసుకుంటే గాభరా ఉండదు.

కొడుకు సెలవు... చిగుళ్ల సెలవు

ఈ ప్రాంతంలో పళ్ల సెట్టు కథ చాలా ఇళ్లలో గల్ఫ్ విమానంతో ముడిపడి ఉంటుంది. దుబాయ్‌లోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉన్న కొడుకు రెండేళ్లకోసారి నెలా నెలన్నర సెలవు మీద వస్తాడు. బాపుకు కంటి ఆపరేషన్, అవ్వకు పళ్ల సెట్టు, ఇంటిమీద రేకులు, చెల్లె పెళ్లి మాటలు... అన్నీ ఆ నెలలోనే తెమలాలి. తోడు తీసుకెళ్లేది అతనే, డబ్బు చెల్లించేదీ అతనే. అందుకే వచ్చిన వారంలోనే అవ్వ నోట్లో ఊగుతున్న ఎనిమిదో తొమ్మిదో పళ్లు పీకించేసి, నాలుగో వారంలో సెట్టు చేతిలో పెట్టి విమానమెక్కుతాడు.

ప్రేమకు లోటు లేదు. కానీ చిగుళ్లకు ఆ తొందర తెలియదు. పన్ను పీకిన చోట పైపుండు రెండు వారాల్లో మానినట్టు కనిపించినా, లోపలి ఎముక నెలల తరబడి కుంగుతూ, ఆకారం మార్చుకుంటూ ఉంటుంది. ఆ మార్పు మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ. అందుకే మామూలుగా రెండు మూడు నెలలు ఆగి అచ్చు తీస్తారు. మూడో వారంలో తీసిన అచ్చుకు సరిపోయిన సెట్టు నాలుగో నెలకు వదులవుతుంది. అప్పటికి కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. మళ్లీ క్లినిక్కుకు తీసుకెళ్లేవాళ్లుండరు. 'వాడు పైసలు వెట్టి కట్టిచ్చిండు, బాగలేదంటే బాధపడ్తడు' అని అవ్వ ఫోనులో ఏమీ చెప్పదు.

పీకిన రోజే పెట్టేసే సెట్లు కూడా ఉన్నాయి. తప్పేం కాదు. అయితే అవి తాత్కాలికమని, కొన్ని నెలల్లో లోపల కొత్త పొర వేయించడమో, కొత్తది చేయించడమో తప్పదని తెలిసే తీసుకోవాలి. ఆ రెండో ఖర్చును కొడుకు వెళ్లేలోపే పక్కకు పెట్టడం మంచిది.

ఇంకో మార్గముంది. కొడుకు రావడానికి మూడు నెలల ముందే, చెల్లెనో బావనో తోడు పంపి పళ్లు తీయించేస్తే, అతను వచ్చిన నెలలో ఐదుసార్లూ తిరిగి సెట్టు పని పూర్తిచేయొచ్చు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి అవ్వకు చార్జీల బెంగ లేదు. తోడొచ్చే కూతురో కోడలో అయితే ఆమెకూ లేదు. పోయేదల్లా ఆ పూట కూలి.

అన్నట్టు, 'ఎట్లాగూ సెట్టే కదా, ఉన్నవన్నీ పీకెయ్యండి' అనే మాట కూడా తొందరలో పుట్టేదే. గట్టిగా ఉన్న పన్ను, ముఖ్యంగా కింది దవడలో కోరపళ్లు రెండు నిలబడి ఉంటే, వాటిని కాపాడుకోవడం లాభమా అని ఒక్కసారి అడిగి చూడాలి. వాటి వేళ్లకు చికిత్స చేసి, పైభాగం కురచ చేసి, సెట్టును వాటి మీదుగా నిలపొచ్చు. వేరు ఉన్నంతకాలం చుట్టూ ఉన్న ఎముక అంత తొందరగా కరగదు. కొంత ఖర్చు పెరిగినా ఇంప్లాంటుతో పోలిస్తే చాలా తక్కువ.

సంతలో పళ్లు

బస్టాండు పక్కనో, అంగట్లోనో గుడ్డ పరిచి, దాని మీద పళ్ల వరసలు పేర్చుకుని కూర్చునేవాళ్లు మన పట్టణాలన్నింటికీ పాత పరిచయమే. పంటికి వంద రెండొందలంటారు. పది నిమిషాల్లో పని పూర్తి! పొడి, ద్రావకం కలిపితే అక్కడికక్కడే గట్టిపడే రకం అక్రిలిక్‌ను చిగురు మీదే వేసి, పక్క పళ్లకు తీగతో కట్టేస్తారు. కొన్నిసార్లు కింద పుచ్చిన వేరు అలాగే ఉండగా దాని మీదే కట్టేస్తారు. తీసి కడుక్కోవడానికి వీలుండదు. మెతుకులు ఇరుక్కుని, చిగురు చీము పట్టి, ఆసరాగా ఉన్న మంచి పళ్లు కూడా ఊగడం మొదలవుతుంది. ఒక పన్ను కోసం వెళ్లి మూడు పోగొట్టుకోవడం అన్నమాట.

మన దేశంలో దంతవైద్యుల చట్టం 1948లోనే వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వైద్యం చేయడం నేరం. అయినా గుడ్డ పరిచినవాడి ముందు మనుషులు ఎందుకు కూర్చుంటున్నారంటే వాళ్ల జేబులో ఉన్నది ఆ రెండొందలే కాబట్టి. వాళ్లను తిట్టి లాభం లేదు. తక్కువ ఖర్చులో మంచి పని ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లుండాలి.

పాత రకం సెట్లలో పైపలక మధ్యలో రబ్బరు బిళ్ల పెట్టి, అంగిటికి అతుక్కునేలా చేసేవారు. అది ఏళ్ల తరబడి పీల్చిపట్టడం వల్ల అంగిట్లో రంధ్రం పడిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అలాంటి సెట్టు ఉంటే వెంటనే మార్పించాలి.

సెట్టు కోసం హత్య... సెట్టు కోసం రాజీనామా!

కట్టుడు పళ్ల ధర మీద గొడవ మన దగ్గరే అనుకోనక్కర్లేదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789లో ప్రమాణ స్వీకారం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ నీటిగుర్రం దంతంతోనూ, మనుషుల పళ్లతోనూ, లోహంతోనూ చేసినవి. అప్పట్లో సెట్టంటే దొరలకే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో గట్టిపరిచిన రబ్బరు వచ్చాకే మామూలు మనుషులకు కాస్త అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ రబ్బరు మీద హక్కులున్న కంపెనీ ప్రతి దంతవైద్యుడి దగ్గరా లైసెన్సు రుసుము వసూలు చేసేది. కట్టనివాళ్ల మీద కేసులు పెట్టేది. విసిగిపోయిన శామ్యూల్ చాల్ఫంట్ అనే వైద్యుడు 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కంపెనీ కోశాధికారి జోసయా బేకన్‌ను తుపాకీతో కాల్చి చంపేశాడు!

బ్రిటన్ కథ ఇంకా ఆసక్తికరం. 1948లో అక్కడ అందరికీ ఉచిత వైద్యం మొదలైనప్పుడు కట్టుడు పళ్లు కూడా ఉచితమే అన్నారు. ఏళ్ల తరబడి బోసినోటితో ఉన్న కూలీలు, గృహిణులు బారులు తీరారు. అంచనాలు తలకిందులయ్యాయి. 1951లో ప్రభుత్వం పళ్ల సెట్లకు, కళ్లద్దాలకు సగం ఖర్చు రోగే భరించాలంది. ఆ ఉచిత వైద్యాన్ని తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ 'ఒప్పుకోను' అంటూ పదవికి రాజీనామా చేశారు. పళ్లు లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లకు పళ్లు ఎంత అవసరమో ఆ బారులు చూస్తేగానీ అక్కడి ప్రభుత్వానికే తెలియలేదు.

మన రాష్ట్రంలో 2018లోనూ, మళ్లీ 2023లోనూ కంటివెలుగు పేరిట ఊరూరా కళ్లు పరీక్షించి ఉచితంగా అద్దాలిచ్చారు. పళ్ల కోసం అలాంటిదేదైనా ఉందా అంటే ఇతర రాష్ట్రాల వైపు చూడాలి. కర్ణాటక 2014లో 'దంతభాగ్య' పథకం తెచ్చి, పేద వృద్ధులకు దంత కళాశాలల ద్వారా సెట్లు ఇప్పించింది. కేరళ 'మందహాసం' పేరుతో అలాంటిదే మొదలుపెట్టింది. మందహాసం... ఎంత చక్కటి పేరు!

కేంద్ర ప్రభుత్వానిది ఒక పథకం ఉంది. అది మొదలైంది మన తెలుగు నేల మీదే, 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో. పేరు రాష్ట్రీయ వయోశ్రీ యోజన. అరవై ఏళ్లు దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలతోపాటు కట్టుడు పళ్లు కూడా ఉచితంగా ఇవ్వాలని దాని జాబితాలోనే ఉంది. కాన్పూర్‌లోని అలింకో సంస్థ ద్వారా శిబిరాలు పెట్టి వీటిని పంచుతారు. అయితే చేతికర్రను శిబిరంలో ఒక్కరోజులో చేతికివ్వొచ్చు. పళ్ల సెట్టును అలా ఇవ్వలేరు. దానికి అచ్చు తీసే వైద్యుడు కావాలి, ల్యాబు కావాలి, ఐదుసార్లు అదే మనిషి రావాలి. అందుకే ఇలాంటి శిబిరమనగానే కర్రలు, కుర్చీలే గుర్తొస్తాయి. అడగనిదే ఇవ్వరన్నది ఇక్కడ అక్షరాలా నిజం. జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో వయోవృద్ధుల సంక్షేమం చూసే కార్యాలయంలోనో, సోమవారం ప్రజావాణిలోనో 'వయోశ్రీ కింద కట్టుడు పళ్లు' అని స్పష్టంగా రాసి దరఖాస్తు ఇవ్వడానికి ఖర్చేమీ ఉండదు. వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేసి శిబిరం ఎప్పుడో కనుక్కోవచ్చు.

ఈలోగా తక్కువ ఖర్చుకు నమ్మకమైన చోటు దంత కళాశాలలే. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి 1959 నుంచి ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లకు అంతదూరం వెళ్లే పనిలేకుండా నిజామాబాద్ వైపు కూడా దంత కళాశాల ఉంది. ఇలాంటి చోట్ల విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో సెట్లు చేస్తారు. బయటి ధరలో కొద్దిపాటి రుసుముతో అయిపోతుంది. మెట్టు మెట్టుకూ మాస్టారు చూసి 'సరే' అంటేనే ముందుకెళ్లాలి కాబట్టి ఏ దశా దాటవేయరు. కాకపోతే ఐదుసార్లు అనుకున్నది ఎనిమిదిసార్లు కావచ్చు. ఓపికా, తోడూ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బేరం లేదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలోని దంత విభాగంలో ముందు పళ్లు తీయించుకుని, సెట్టు ఎక్కడ చేయించుకోవాలో సలహా అడిగినా ఖర్చులో కొంత భాగం తగ్గుతుంది.

కట్టించుకున్నాక...

కొత్త సెట్టు పెట్టుకున్న రోజు నోట్లో ఏదో పెద్ద వస్తువు ఇరుక్కున్నట్టుంటుంది. ఉమ్ము ఊరుతుంది, మాట తడబడుతుంది. వారం పది రోజులు అది మామూలే. రోజూ కాసేపు పేపరు పైకి చదివితే నాలుక దారిలో పడుతుంది. చదువు రానివాళ్లు మనవడితో ముచ్చట పెట్టుకుంటే సరి. తిండి మెత్తటి వాటితో మొదలుపెట్టి, చిన్నచిన్న ముక్కలు రెండువైపులా వేసుకుని నమలాలి. ఒక్కవైపే నమిలితే రెండోవైపు లేచిపోతుంది. ముందుపళ్లతో కొరకడం మానుకోవాలి. జామకాయైనా మామిడికాయైనా కోసుకుని తినాల్సిందే. ఒక్క సంగతి దాచకుండా చెప్పుకోవాలి... సెట్టుతో నమిలే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. సకినం విరిచి, చిన్న ముక్క చేసి దవడన వేసుకోవడం కొన్ని నెలలకు వస్తుంది. తొలి వారంలోనే ప్రయత్నిస్తే సెట్టు మీద కోపమొస్తుంది!

రాత్రి పడుకునేముందు సెట్టు తీసి, నీళ్లగిన్నెలో వేయాలి. చిగుళ్లకూ విశ్రాంతి కావాలి. ఎండబెడితే, మరిగే నీళ్లలో వేస్తే సెట్టు వంకరపోతుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు పళ్లపొడి తగలనీయకూడదు. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు చాలు. కడిగేటప్పుడు కింద నీళ్లబకెట్టో, మడిచిన తువ్వాలో పెట్టుకుంటే చేయి జారినా పగలదు. ఎక్కువ సెట్లు పగిలేది కడిగేటప్పుడే మరి.

బీపీ మాత్రల్లాంటి కొన్ని మందులతో నోరు ఎండిపోతుంది. ఉమ్ము తగ్గితే సెట్టు పట్టు కూడా తగ్గుతుంది. ఏయే మందులు వాడుతున్నారో అచ్చు తీయకముందే చెప్పాలి. సెట్టు వదులైందని ఇంట్లోనే దూది కుక్కడం, బ్లేడుతో గీకడం, జిగురు పెట్టి అతికించడం వద్దు. అలా సొంత వైద్యం చేసిన సెట్టును మళ్లీ బాగుచేయడం వైద్యుడి వల్ల కూడా కాదు.

తంబాకు నమిలే అలవాటు, బీడీ తాగే అలవాటు ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. సెట్టు అంచు ఒరుసుకునే చోట పుండు పడితే నాలుగు రోజులు సెట్టు తీసి పెట్టండి. అంచు అరగదీయించండి. అయినా రెండు వారాల్లో మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, సెట్టును చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. పళ్లన్నీ పోయాయి కదా అని నోటి పరీక్ష మానేసినవాళ్లు ఏడాదికోసారైనా చూపించుకోవాల్సింది అందుకే.